నేచురల్ 1 పడితే కత్తి చేజారాలా? ఫంబుల్ రూల్ ఉంచాలా, తీసేయాలా?

కవచధారి:
మేం ఆడేది డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్, ఒక్కొక్కరు ఒక్కో పాత్ర తీసుకుని పాచికలతో ఆడే కథల ఆట) 5వ ఎడిషన్, 2014 రూల్స్. మా టేబుల్‌లో ఒక హౌస్ రూల్ ఉంది, అంటే మేం సొంతంగా పెట్టుకున్నది. దాడి చేసేటప్పుడు డి20 (ఇరవై ముఖాల పాచిక) మీద 1 పడితే ఫంబుల్. కత్తి చేజారుతుంది, లేదా పక్కనున్న మనవాడికే తగులుతుంది, ఆ రౌండ్‌లో మిగిలిన దాడులు కూడా పోతాయి. పుస్తకంలో మాత్రం 1 పడితే దెబ్బ తగలదు, అంతే. నా పాత్ర ఫైటర్ (యోధుడు), ఇప్పుడు 11వ లెవెల్, రౌండ్‌కి మూడు దాడులు. లెవెల్ పెరిగేకొద్దీ చేతిలో కత్తి నిలవడం లేదు. తీసేద్దామంటే మా డీఎం (ఆట నడిపించేవాడు) "5 శాతమే కదా" అంటాడు. మీ దగ్గర ఎలా ఆడుతున్నారు?

పొట్టి విజార్డ్:
మా దగ్గర లేదు. హాయిగా ఉంది.

శనివారం డీఎం:
మా టేబుల్‌లో మొదటినుంచీ ఉంది, ఇకముందూ ఉంటుంది. 20 పడితే అందరూ లేచి అరుస్తారు. మరి 1 పడితే "సరే, తగల్లేదు, తర్వాత ఎవరు?" అనేసి వెళ్లిపోవాలా? వారమంతా ఆఫీసు పని చేసి వచ్చినవాళ్లు నాలుగు గంటలు కూర్చునేది అందుకేనా? మా వాళ్లు ఏళ్ల తర్వాత కూడా గుర్తు చేసుకుని నవ్వేది ఫంబుళ్లనే. ఇక శాతం మాటకొస్తే, ఇరవై ముఖాల్లో ఒకటి అంటే 5 శాతం. 1వ లెవెల్‌లోనూ అంతే, 20వ లెవెల్‌లోనూ అంతే. మీ లెవెల్ ఎంతో పాచికకి తెలియదు.

లెక్కల మాస్టారు:
అసలు చిక్కే అది. పాచికకి లెవెల్ తెలియదు గానీ ఫైటర్‌కి దాడుల సంఖ్య లెవెల్‌తో పాటు పెరుగుతుంది. ఒక రౌండ్‌లో కనీసం ఒక్క 1 అయినా పడే అవకాశం చూడండి. 1వ లెవెల్‌లో ఒకే దాడి, 5 శాతం. 5వ లెవెల్‌లో రెండు, 9.75 శాతం. 11వ లెవెల్‌లో మూడు, 14.26 శాతం. 20వ లెవెల్‌లో నాలుగు, 18.55 శాతం. ఆ రౌండ్‌లో యాక్షన్ సర్జ్ (దాడులన్నీ ఇంకోసారి చేయనిచ్చే శక్తి) వాడితే ఎనిమిది దాడులు, 33.66 శాతం. అంటే రాజ్యంలోకెల్లా గొప్ప కత్తివీరుడు ప్రాణం పెట్టి పోరాడిన రౌండ్‌లో, మూడింట ఒకసారి కత్తి జారవిడుస్తాడు. నిన్న కత్తి పట్టిన కుర్రాడు ఇరవైలో ఒకసారి.

శనివారం డీఎం:
లెక్క బాగుంది గానీ తిప్పి చూపిస్తున్నారు. దాడికి 5 శాతమే. ఎక్కువ దాడులు చేస్తే 20లు కూడా అంతే ఎక్కువ పడతాయి కదా? లాభం కావాలి, నష్టం వద్దంటే ఎలా?

లెక్కల మాస్టారు:
లాభం, నష్టం సమానమైతే నేనూ ఒప్పుకునేవాణ్ణి. 11వ లెవెల్ ఫైటర్, లాంగ్‌స్వర్డ్, దెబ్బ డి8+5 (ఎనిమిది ముఖాల పాచిక మీద పడిందానికి 5 కలిపి). మామూలు దెబ్బ సగటు 9.5. 20 పడితే ఇంకో డి8 కలుస్తుంది, అంటే సగటున 4.5 ఎక్కువ. ఇప్పుడు మొదటి దాడికే 1 పడిందనుకోండి. మిగతా రెండూ పోయాయి. దాడి రోల్‌కి +9 కలిసి, ఎదుటివాడి ఏసీ (దెబ్బ తగలాలంటే చేరాల్సిన అంకె) 17 అయితే ఒక్కో దాడి తగిలే అవకాశం 65 శాతం. రెండు దాడుల మీద పోయింది 12కి పైగా. 4.5 ఇచ్చి 12 లాక్కోవడాన్ని సమానం అంటారా? చేయి తిరిగిన వంటవాడు ఎక్కువ దోసెలు పోస్తున్నాడని మనం వెళ్లి అతని చేయి పెనానికి ఆనిస్తామా?

శనివారం డీఎం:
ఎక్కువ దోసెలు పోసేవాడికే ఎక్కువ మాడతాయి మాస్టారూ. ఏ హోటల్‌కైనా వెళ్లి చూడండి.

లెక్కల మాస్టారు:
మాడే దోసెల సంఖ్య పెరగొచ్చు, వందకి ఎన్ని అన్నది తగ్గుతుంది. మీ రూల్‌లో తగ్గదు. నేను అంటున్నది అదే.

శనివారం డీఎం:
పెరగదు కూడా. నేను అంటున్నది అదే!

పొట్టి విజార్డ్:
ఆకలేస్తోంది.

పొట్టి విజార్డ్:
అన్నట్టు నాకు ఫంబుల్ ఉన్నా లేకపోయినా ఒకటే. నా ఫైర్‌బాల్ మంత్రానికి నేను డి20 వేయను, సేవింగ్ త్రో (తప్పించుకునే రోల్) శత్రువులే వేసుకోవాలి. నేను 8డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది) లెక్కపెట్టుకుంటా, సగటు 28. నాకు 1 పడేదెప్పుడు?

డాలస్ డ్వార్ఫ్:
2000లో వచ్చిన 3వ ఎడిషన్ నుంచి ఆడుతున్నవాణ్ణి. అప్పట్లో కూడా ఫంబుల్ అసలు రూల్ కాదు. డీఎం పుస్తకంలో కావాలంటే వాడుకోమని ఇచ్చారు. అందులోనూ 1 పడగానే శిక్ష లేదు. డెక్స్‌టెరిటీ (చురుకుదనం) చెక్ వేయాలి, డీసీ 10, అంటే 10 చేరాలి, అదీ తప్పితేనే ఫంబుల్. మీవాళ్లు ఆ రెండో రోల్ ఎందుకు ఎగ్గొడుతున్నారో తెలీదు. 2019లో వచ్చిన పాత్‌ఫైండర్ (ఇలాంటిదే ఇంకో ఆట) రెండో ఎడిషన్‌లో 1 పడితే ఫలితం ఒక మెట్టు దిగుతుంది. దాంతో క్రిటికల్ ఫెయిల్యూర్ (ఘోరమైన ఓటమి) అయినా మామూలు దాడికి ప్రత్యేకంగా నష్టమేమీ ఉండదు. డిజైనర్లు ఆలోచించే పెట్టారు.

షడ్భుజి:
డి20 పట్టుకుని ఏడుస్తూ కూర్చోవడం దేనికి? గర్ప్స్ అనే ఇంకో ఆట ఉంది, దానికి రండి. 1986 నుంచీ 3డి6తోనే నడుస్తోంది. ప్రతి ముఖానికీ ఒకే అవకాశం ఉండదు, 216 కలయికల్లో 10, 11 చెరో 27 సార్లు వస్తాయి, 18 ఒక్కసారే. అందులో తక్కువ పడితేనే గెలుపు. 18 ఎప్పుడూ క్రిటికల్ ఫెయిల్యూరే. 17 మాత్రం నైపుణ్యం 15 లేదా అంతకన్నా తక్కువ ఉన్నవాడికే. నైపుణ్యం 16 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే అది మామూలు ఓటమి. అంటే మధ్యరకం వాడికి 1.85 శాతం, నిపుణుడికి 0.46. నేర్చుకున్నవాడు తక్కువ తప్పులు చేస్తాడన్న సంగతి పాచికల్లోనే ఉంది.

శనివారం డీఎం:
నేను అడిగానా గర్ప్స్ గురించి? ప్రతి చర్చలోనూ ఒకరు వచ్చి గర్ప్స్‌కి రమ్మంటారు.

షడ్భుజి:
ఎందుకంటే ప్రతి చర్చలోనూ జవాబు అదే.

కవచధారి:
మాస్టారూ, థాంక్స్. కానీ శనివారం గారు "నవ్వుకుంటారు" అన్నదానికి ఒకటి చెప్పాలి. కిందటిసారి గుహలో ట్రోల్ అనే రాక్షస జీవితో యుద్ధం. నాకు 1 పడింది. మా డీఎం "నీ కత్తి క్లెరిక్ మెడకి తగిలింది" అన్నాడు. క్లెరిక్ అంటే మా జట్టులో పూజారి పాత్ర, ఆమెకి అప్పటికే మూడే హిట్ పాయింట్లు (ప్రాణబలం). పడిపోయింది, తర్వాతి రౌండ్లలో చచ్చిపోయింది. ఆ పాత్ర ఆడే అమ్మాయి ఏడాదిగా దాన్ని పెంచుకుంది. ఆ రోజు ఏమీ అనలేదు, మళ్లీ ఆటకి రాలేదు. అందరూ నవ్వారు, నిజమే. మేమిద్దరం తప్ప.

శనివారం డీఎం:
అది మీ డీఎం తప్పు, రూల్‌ది కాదు. నేనైతే కత్తి గుహ గోడకి కొట్టుకుందనేవాణ్ణి.

నీలి స్లైమ్:
చూశారా, పడింది ఒకే 1. ఒక టేబుల్‌లో గోడకి, ఇంకో టేబుల్‌లో క్లెరిక్ మెడకి. పాచిక చెప్పింది తగల్లేదని మాత్రమే, మిగతాదంతా డీఎం నోటి మాట. ఒక ప్రశ్న. మీ టేబుల్‌లో ట్రోల్‌కి 1 పడితే ఏమవుతుంది శనివారం గారూ?

శనివారం డీఎం:
నా రోల్స్ స్క్రీన్ (ప్లేయర్లకి కనపడకుండా పెట్టే అట్ట) వెనక ఉంటాయి. సందర్భాన్ని బట్టి చూసుకుంటా.

పొట్టి విజార్డ్:
శకుని కూడా పాచికలు సభలో అందరి ముందే వేశాడు.

శనివారం డీఎం:
ఇదిగో, ఇలాంటి మాటలే వద్దనేది. నన్ను శకుని అంటున్నారు. స్క్రీన్ వెనక నేనేం చేస్తానో మీకు తెలుసా? ట్రోల్‌కి వరసగా రెండు 20లు పడి కొత్తగా చేరిన కుర్రాడు చచ్చేవాడు. మామూలు దెబ్బ అని చెప్పి బతికించాను. వాడికి ఇప్పటికీ తెలియదు. వారమంతా మ్యాపులు గీసి, మినీ బొమ్మలకి రంగులేసి, అందరికీ టైం కుదిర్చేది నేను. మీరొచ్చి మూడు పాచికలు వేసి 14.26 శాతం అన్యాయం అంటారు. రండి, ఒక్క నెల డీఎంగా కూర్చోండి. తెలుస్తుంది.

నీలి స్లైమ్:
ఆ కుర్రాడిని బతికించడం మంచిదే, కాదనను. కానీ ట్రోల్‌కి 20 పడితే మీరు మార్చొచ్చు. ఫైటర్‌కి 1 పడితే మాత్రం "పాచిక మాటకి తిరుగు లేదు". మరి పాచిక ఎవరి మీద పెత్తనం చేస్తున్నట్టు?

శనివారం డీఎం:
ప్లేయర్ల మీద. డీఎం అన్నాక కథ నా చేతిలో ఉండాలి. ఇందులో దాపరికం ఏముంది?

కవచధారి:
ఇన్ని లెక్కల తర్వాత ఇప్పుడు దొరికింది నా గొడవేంటో. గోడకి తగిలించినా నాకు ఇదే బాధ. నా ఫైటర్ కత్తిసాములో దిట్ట అని మొదటిరోజే రాసుకున్నా. వాడు తప్పు చేయొచ్చు, ఓడిపోవచ్చు, చావొచ్చు కూడా. కానీ వాడు ఎలాంటి మనిషో చెప్పేది నేను. 1 పడిన ప్రతిసారీ డీఎం వాడిని కమెడియన్ చేస్తున్నాడు, నేను చూస్తూ కూర్చుంటున్నా. ఏమైందో నన్నే చెప్పమంటే "ట్రోల్ నా కత్తిని వట్టి చేత్తో పట్టుకుని విసిరేసింది" అంటా. కత్తి ఎలాగూ పోతుంది. నష్టం అదే, పరువు మాత్రం నిలుస్తుంది.

డాలస్ డ్వార్ఫ్:
ఇది బాగుంది. ఏమైందో వర్ణించేది ప్లేయర్, ఎంత నష్టమో చెప్పేది డీఎం. మా టేబుల్‌లో పెడతా.

శనివారం డీఎం:
ప్లేయర్లు వర్ణిస్తే ప్రతివాడూ తన పొరపాటుని వీరత్వంలా చెప్పుకుంటాడు. ఇక నవ్వేదెక్కడ? నాకు కుదరదు.

మోడరేటర్:
శకుని మాట, దానికి వచ్చిన కోపం, రెండూ ఇక్కడితో ఆపండి. దోసెల గురించి ఇంకెవరైనా రాస్తే తీసేస్తాం.

లెక్కల మాస్టారు:
ఒక్క లెక్క పెట్టి వెళ్తా. రెండో రోల్‌తో అంతా సర్దుకుంటుందని అనుకోకండి. డెక్స్‌టెరిటీ చెక్ బదులు మళ్లీ దాడి రోలే వేయించి, అదీ తప్పితేనే ఫంబుల్ అనుకుందాం, ఏసీ 17 మీదే. 1వ లెవెల్ ఫైటర్‌కి +5, తప్పే అవకాశం 55 శాతం, కాబట్టి రౌండ్‌కి 2.75 శాతం. 11వ లెవెల్‌లో +9, తప్పేది 35 శాతం, దాడికి 1.75, కానీ మూడు దాడులకి కలిపి 5.16. వీరుడే ఇంకా ఎక్కువసార్లు జారవిడుస్తున్నాడు. రౌండ్‌లో మొదటి దాడికి మాత్రమే ఫంబుల్ అని పెడితేనే 1.75కి దిగి, కుర్రాడికన్నా మెరుగవుతాడు. కవచధారి గారూ, మీ డీఎంని అడిగేటప్పుడు ఈ రెండు షరతులూ కలిపి అడగండి.

శనివారం డీఎం:
దాడికి 5 శాతమే.

కవచధారి:
మాస్టారు చెప్పిన రెండూ అడుగుతా, వర్ణన నాకే ఇమ్మనీ అడుగుతా. ట్రోల్ పాచికలు టేబుల్ మీదే వేయమంటే ఒప్పుకుంటాడన్న నమ్మకం లేదు.

పొట్టి విజార్డ్:
ఒప్పుకోకపోతే మా ఆదివారం ఆటకి రా అన్నా. మాకు ఫైటర్ లేడు, దెబ్బలన్నీ నేనే తింటున్నా.