"అంటు" అనే మాట మీద ఒక సందేహం, పెద్దలు చెప్పాల

గ్రూపులో అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఉంటా, పటాలు వేస్తా. పటాలంటే మనిషీ చెట్టూ గుర్తుపట్టేట్టు ఉండవు, ఉత్త రంగులే ఉంటాయి, నైరూప్య చిత్రాలంటారే అవి. రెండేళ్ళుగా ఏడు పటాలు వేస్తా ఉన్నా, ఏడూ మా ఇంట్లో మనుషుల మధ్య జరిగిన వాటి మీదే. మా అమ్మ, మా మేనత్త ఏండ్ల తరబడి ఒకే వంటింట్లో వండినారు, ఒకరితో ఒకరు మాట్లాడకుండా. ఉప్పు డబ్బా ఎవురు తీసినా మళ్ళా ఆ జాగాలోనే పెట్టేవాళ్ళు, రెండో మనిషి అడగాల్సిన పని రాకుండా. ఆ ఉప్పు డబ్బాని బొమ్మగా వేస్తే అది డబ్బానే అవుతుంది, నాకు కావాల్సింది ఆ ఇద్దరి మధ్య జాగా, అందుకే రంగులతో పడతా ఉన్నా.

ఏడిటికీ కలిపి ఒక పేరు పెట్టాల. "బంధాలు" అనుకున్నా, కట్టేసినట్టు ఉంది. "సంబంధాలు" అంటే మా పక్క పెళ్ళి సంబంధాలే, ఎవురికి చెప్పినా "ఎవురికమ్మా చూస్తా ఉండారు" అని అడుగుతారు. "అనుబంధం" అంటే ఆదివారం పేపర్‌తో వచ్చే పుస్తకం గుర్తొస్తుంది. "రిలేషన్‌షిప్" అనేది ఈ కాలం పిల్లలకి ఒకటే అర్థం.

అట్ల ఆగిపోయి ఉంటే ఒకరోజు అమ్మ వచ్చి "చేతులకంతా అంటుకున్యాదే, కడుక్కోని అన్నం తిను" అనింది. ఆ మాట పట్టుకున్నా. అంటు. ఎన్ని చోట్ల ఉంది చూడండి, తలంటు పోసేది అమ్మ, దీపం అంటించేది, మామిడికి అంటు కట్టేది, ఎంగిలి సామాన్లు అంట్లు (మా ఇంట్లో బోకులే అంటాం), జబ్బు అంటుకునేది, చీరకి మరక అంటేది, పడనోళ్ళ గురించి అంటకాగుతా ఉండారు అనేది, అత్తా అమ్మా ఉన్నట్టు అంటీ ముట్టనట్టు ఉండేది. ప్రేమకీ మురికికీ నిప్పుకీ జబ్బుకీ ఒకటే మాట. మనుషుల మధ్య ఉండేది కూడా ఇదే కదా అనిపించింది.

శ్రీకాళహస్తిలో కలంకారీ వేసేవాళ్ళ దగ్గర కొన్నాళ్ళు కూర్చున్నా, ఆడ ఈ మాట ఇంకా లోతుగా అర్థమైంది. గుడ్డని కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో ముంచి ఆరబెడతారు, పాల వల్ల రంగు అలుక్కుపోకుండా గీసిన చోటే నిలబడుతుంది. ఇనుప తుక్కూ బెల్లమూ నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టిన రసం ఉంటుంది, అది కుండలో ఉన్నప్పుడు అంత నలుపేం కాదు, కరక్కాయ పట్టిన గుడ్డకి తగిలినాకే నల్లబడుతుంది. ఎరుపు ఇంకా వింత. పటిక నీళ్ళతో గీసుకోని, ఆరినాక ఉతికి, గుడ్డనంతా ఎర్ర రంగులో ఉడకబెడతారు, పటిక పడిన చోట మాత్రమే ఎరుపు అంటుతుంది, తక్కిన చోట నిలవదు. అంటే గుడ్డకీ రంగుకీ నేరుగా పొసగదు, మధ్యలో పటిక ఉండాల. మా ఇంట్లో ఆ పటిక మా అవ్వ. ఆమె ఉన్నన్నాళ్ళూ అమ్మా అత్తా ఒకే పంక్తిలో కూర్చోని తిన్నారు. ఆమె పోయినాకే ఆ మౌనం మొదలైంది.

నా అడగడం రెండు. ఈ మాటకి మొదటి అర్థం తాకడమా, అతుక్కోవడమా? పటాలకి పేరుగా పనికొస్తుందా?

———

అక్కా, మాది పలమనేరు, ఇంట్లో కన్నడం కూడా మాట్లాడతాం. కన్నడంలో అంటు అంటే అతుక్కోవడం, బంకని కూడా "అంటు" అనే అంటారు. నగరి పక్క మా బావని అడిగినా, అరవంలో అండు అంటే దగ్గరికి చేరడం అన్నాడు. మూడూ ఒకే మాట అని భాషావాళ్ళు చెప్తారు. దగ్గరికి రావడం, తాకడం, అతుక్కోవడం, మన పాత చిత్తూరు జిల్లాలో ఈ చివర నుంచి ఆ చివరికి బస్సులో పోతే మాట ఇన్ని మెట్లు ఎక్కుతుంది. ఏది ముందో తేల్చొద్దు, మీ పటాలకి మూడూ కావాల.

———

అమ్మా, నేను బంగారుపాళ్యం దగ్గర మామిడి అంట్లు కట్టేవాణ్ణి. మీరు మామిడి అంటు అని ఒక ముక్క అనేసి పోయినారు, అది చాలదు. టెంక నుంచి మొలిచిన నాటు మొక్కని ఏటవాలుగా కోస్తాం, మంచి చెట్టు నుంచి తెచ్చిన పుల్లనీ అట్లే కోస్తాం. ఇద్దరికీ గాయం పడందే అంటు పడదు. బెరడు కింద సన్నంగా పచ్చ పొర ఉంటుంది, ఆ పొరా ఈ పొరా తగలాల, వెంట్రుకంత తప్పినా పుల్ల ఎండిపోతుంది. ప్లాస్టిక్ పట్టీ గట్టిగా చుట్టి కదలకుండా పెడితే కొన్ని వారాలకి చిగురేస్తుంది. అయినా రెండూ కలిసిపోయి ఒకటి కావు తల్లీ. పైన బెంగళూరా రకం బెంగళూరానే, కింద నాటు నాటే, కింద నుంచి చిగురొస్తే గిల్లేస్తా ఉండాల. నీళ్ళు మాత్రం ఒకటే. పెద్ద చెట్టయినాక కూడా ఆ అతుకు కాడ కణుపు చేతికి తగులుతుంది.

———

అన్నా, మీ కామెంట్ చదివి మూడో పటం మళ్ళీ మొదలుపెట్టినా. అది అమ్మా నాయనది, పసుపూ కావిరంగూ కలిపి మధ్యలో ఒక నారింజ చేసిపెట్టినా, బాగుందనే అందరూ అన్నారు, నాకే ఎప్పుడూ అబద్ధంగా ఉండింది. ఇప్పుడు పసుపు ఒక రోజంతా ఆరనిచ్చి, పైన కావి పల్చగా పూసి, అది తడిగా ఉండగానే తడిగుడ్డతో తీసేస్తా ఉన్నా. గుడ్డ నేతలో సందుల్లో ఇరుక్కున్నది మాత్రం పోదు. దూరం నుంచి పసుపే, దగ్గరికొస్తే పోగుపోగుకీ కావి ఉంది. గైతొండే (1924–2001) అనే ఆయన రోలర్‌తో, కత్తితో రంగు పెట్టేదీ తీసేదీ చేసి పొరలు నిలబెట్టేవాడు, ఏడాదికి చాలా తక్కువ పటాలు వేసేవాడు, ఆ నిదానం ఎందుకో ఇప్పుడు తెలుస్తా ఉంది.

———

నైరూప్యం గురించి కూడా ఒక మాట. నిర్, రూప కలిస్తే నీరూపం, దాని నుంచి నైరూప్యం, అంటే రూపం లేకపోవడం. మీ పటాల్లో రూపం లేదనలేం కదమ్మా, వస్తువు లేదు అంతే. మీరు చెప్పిన గైతొండే గారు కూడా అబ్‌స్ట్రాక్ట్ అనే మాట ఒప్పుకునేవారు కాదు, నాన్-ఆబ్జెక్టివ్ (వస్తువు లేనిది) అనమనేవారు. మనకి సరైన తెలుగు మాట ఇంకా రాలేదని నా అభిప్రాయం.

———

అక్కా, అందరూ చెప్పినారు, ఒకటి మాత్రం ఎవురూ రాయలేదు. అంటరాని. మీరు రాసిన వరసలో తలంటు ఉంది, దీపం ఉంది, మామిడి ఉంది, ఇది లేదు. మా ఇంట్లో అంటు అంటే మొదట గుర్తొచ్చేది ఇదే. రాజ్యాంగం 17వ అధికరణంలో కొట్టేసినారు సరే, మా నాయన చిన్నప్పుడు ఊర్లో నీళ్ళడిగితే దోసిలి పట్టమని పైనుంచి చెంబుతో పోసేవాళ్ళంట, చెంబు చేతికి తగలకూడదని. ఆ నీళ్ళు సగం మోచేతుల మీదగా కిందికి పోయేవంట. పేరు మార్చమని నేను అనను. ఆ పేరు పెడితే మాత్రం ఇది లేకుండా పెట్టొద్దు.

———

తమ్ముడూ, నిన్న రాత్రి నుంచి నీ మాటే. మా ఇంటి మౌనం గురించి రెండేళ్ళు ఆలోచించినా, ఈ మాట నా నోట్లోనే ఉండి నాకు కనపడలేదు, అది కనపడకుండా పెరిగిన ఇల్లు మాది. తప్పు నాది. పేరు "అంటు" అనే ఉంచుతా, పటాలు ఏడు కాదు ఎనిమిది. ఎనిమిదోది సన్నగా నిలువుగా ఉంటుంది, పైన ఒక రంగు, కింద ఒక రంగు, మధ్యలో రంగు పూయని ఉత్త గుడ్డ, దాని మీద నీళ్ళ గీత ఒకటి. ఆ మధ్య ఎంత వదలాలో నేను ఊహించి పెట్టకూడదు. చెంబు ఎంత ఎత్తులో పట్టేవాళ్ళో నాయనని అడిగి చెప్తావా, ఆయనకి ఇష్టమైతేనే.

———

అడిగినా అక్కా. మొదట ఏం మాట్లాడలేదు. తర్వాత లేచి, నన్ను కింద కూర్చోబెట్టి దోసిలి పట్టమని, ఆయన నిలబడి చెయ్యి ఎత్తి చూపించినాడు. అట్లే ఉండమని టేపుతో కొలిచినా. 2 అడుగుల 4 అంగుళాలు.