పాతిక లక్షల బడ్జెట్: హాల్‌కి ఎంత, వంటగదికి ఎంత?

బెజవాడ కుర్రాడు:
అందరికీ నమస్కారం. విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర 1,200 చదరపు అడుగుల షాపు అద్దెకు మాట్లాడుకుంటున్నాం. పొద్దున టిఫిన్లు, మధ్యాహ్నం భోజనాలు, రాత్రి బిర్యానీ. లోపలి పనులకు చేతిలో 25 లక్షలున్నాయి. డిజైనర్ ఎస్టిమేట్‌లో 16 లక్షలు హాల్‌కే పోతున్నాయి: ఫాల్స్ సీలింగ్, గోడలకు రాతి ప్యానెల్స్, లైట్లు. వంటగదికి వదిలింది 250 అడుగులే. వంటగది సరిగ్గా లేకుండా హోటలేంటి అని నాన్నగారు అంటున్నారు. ఫొటోలో బాగుంటేనే జనం వస్తారని మా పార్ట్‌నర్ అంటున్నాడు. మీరేమంటారు?

పొయ్యి దగ్గరి మనిషి:
మీ నాన్నగారి మాటే నాదీ. మూడు పూటల వంటకి 250 అడుగులు చాలవు తమ్ముడూ. దోశ పెనం, బిర్యానీ పొయ్యిలు, గ్రైండరు, ఫ్రిజ్, గిన్నెలు కడిగే చోటు, సరుకుల గది... కనీసం 400 వదలండి.

ఎగ్జాస్ట్ (పొగ బయటికి పంపే ఏర్పాటు) విషయంలో చాలామంది పొయ్యిల మీద హుడ్, పొగ పోయే గొట్టం అంటే డక్టు, మోటారు పెట్టి అయిపోయిందనుకుంటారు. పొగతో పాటు బయటికి పోయిన గాలికి బదులు తాజా గాలి లోపలికి రావాలి కదా. దానికి దారి లేకపోతే మోటారు హాల్లోని గాలినే లాక్కుంటుంది. మీరు డబ్బు పోసి చల్లబరిచిన ఏసీ గాలి పొయ్యిల మీదుగా డక్టులోకి పోతుంది. వంటగదేమో ఉడికిపోతూనే ఉంటుంది.

టైల్స్ వేసే ముందు వాటర్‌ప్రూఫింగ్ చేయించి, నీళ్లు నిలబెట్టి చూడండి. నేల వాలు డ్రైనేజీ వైపుండాలి, జిడ్డు ఆగడానికి గ్రీజ్ ట్రాప్ ఉండాలి. గోడ రంగు ఎప్పుడైనా మార్చుకోవచ్చు, నేల వాలు మార్చాలంటే హోటల్ మూసుకోవాలి.

స్టీల్ టేబుళ్లు, సింకులు 304 గ్రేడే అడగండి. అయస్కాంతం అంటకపోతే 304 అని షాపువాళ్లు చెబుతారు, నమ్మకండి. చవక రకం 202 గ్రేడుకీ అంటదు. అందులో నికెల్ తక్కువ. ఉప్పు, చింతపండు పులుసు రోజూ పడే చోట తొందరగా తుప్పు పడుతుంది. బిల్లు మీద గ్రేడు రాయించుకోండి.

గోడలూ వెలుగులూ:
నేను డిజైనర్‌ని. వంటగది ముఖ్యం కాదని ఎవరూ అనరు. కానీ కుటుంబంతో వచ్చినవాళ్లకు మీ గ్రీజ్ ట్రాప్ కనపడదండీ. వాళ్లు చూసేది కూర్చునే చోటు, బాత్రూం, వెలుగు. తెల్లటి ట్యూబ్‌లైట్ కింద మంచి పప్పు కూడా పాలిపోయినట్టుంటుంది, అందుకే 3,000 కెల్విన్ (వెలుగు రంగుకి కొలత) దగ్గర ఉండే పసుపు వెలుగు పెడతాం. అయితే రాతి ప్యానెల్స్ నాకూ నచ్చలేదు. రాయి, గాజు, టైల్స్ కలిస్తే శబ్దం గోడల మధ్యే తిరుగుతుంది, నలభై మంది కూర్చుంటే పక్కవాళ్ల మాట వినపడదు. ఆ డబ్బు శబ్దాన్ని పీల్చుకునే సీలింగ్‌కి పెట్టండి. హాల్ మొత్తాన్ని తగ్గించేస్తే మాత్రం నేను ఒప్పుకోను.

పొయ్యి దగ్గరి మనిషి:
సీలింగ్ మాట ఒప్పుకుంటాను మేడమ్. కానీ షాపు అద్దెది. పొయ్యిలు, ఫ్రిజ్‌లు, టేబుళ్లు రేపు వేరే చోటికి పట్టుకెళ్లొచ్చు. సీలింగ్, గోడ ప్యానెల్స్ ఓనరుకే మిగులుతాయి.

తమ్ముడూ, ఎస్టిమేట్ అడుగున ‘ట్యాక్సులు అదనం’ అని ఉందేమో చూడు. 16 లక్షల మీద 18 శాతం జీఎస్టీ అంటే 2.88 లక్షలు. మనలాంటి మామూలు హోటళ్లకు 2017 నవంబరు నుంచి అమ్మకాల మీద 5 శాతం జీఎస్టీ, కానీ ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటి మీద కట్టిన పన్నును మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) లేదు. కాబట్టి కట్టింది వెనక్కి రాదు. వంటగది సామాను మీద కట్టే పన్నూ అంతే, వెనక్కి రాదు, 25లో దాన్నీ కలుపుకో.

అన్నిటికంటే ముందు, పైన కాపురాలుంటే డక్టు టెర్రస్ దాకా తీసుకెళ్లడానికి ఓనరు ఒప్పుకోవాలి. కమర్షియల్ కరెంటు లోడు పెంచుకోవడానికీ ఆయన సంతకం కావాలి. ఈ రెండూ అగ్రిమెంటులో రాయించుకున్నాకే అడ్వాన్సు ఇవ్వు.