వీల్యాన్‌ల మధ్య ఫైర్‌వాల్‌లో సిప్ ఇన్‌స్పెక్షన్ ఉంచాలా, తీసేయాలా?

కృష్ణాతీరం: ఆఫీసులో ఐపీ ఫోన్లు ఒక వీల్యాన్‌లో (విడదీసిన నెట్‌వర్క్ భాగం), కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సర్వర్ ఇంకో వీల్యాన్‌లో ఉన్నాయి. మధ్యలో ఫైర్‌వాల్ ఉంది, నాట్ (దారిలో ఐపీ అడ్రస్ మార్చడం) లేదు. ఫోన్ మోగుతుంది, ఎత్తితే ఒకవైపే మాట వినబడుతుంది. కొన్ని కాల్స్ అరనిమిషానికే తెగిపోతున్నాయి. ఫోన్లు పెట్టినవాళ్లు సిప్ ఇన్‌స్పెక్షన్ (కాల్ కలిపే సిప్ మెసేజ్‌లని ఫైర్‌వాల్ చదివి చూడటం) ఆపేయమంటున్నారు, సెక్యూరిటీ వాళ్లు ససేమిరా అంటున్నారు.

తీగలమారి: ఆపేయండి. ఆడియో ఏ ఐపీకి, ఏ పోర్టుకి పంపాలో సిప్ మెసేజ్ లోపల ఎస్‌డీపీ అనే భాగంలో రాసి ఉంటుంది. నాట్ ఉన్నచోట ఆ లోపలి అడ్రస్ మార్చడానికి ఇన్‌స్పెక్షన్ కావాలి. మీకు నాట్ లేనప్పుడు మెసేజ్‌ని ముట్టుకోవాల్సిన పనేముంది? ఇక అరనిమిషం సంగతి: ఫోన్ ఎత్తారని చెప్పే 200 ఓకే జవాబు వెళ్లాక తిరిగి ఏక్ (అందిందన్న రసీదు) అందకపోతే 32 సెకన్లకి కాల్ ముగించాలి, సిప్ ప్రమాణమైన ఆర్‌ఎఫ్‌సీ 3261 లెక్క అదే. దారిలో ఎవరో ఏక్‌ని మింగేస్తున్నారు.

గోడకాపరి: తీగలమారి గారూ, ఇన్‌స్పెక్షన్ నాట్ కోసమే కాదండీ. ఆడియోని మోసే ఆర్‌టీపీ పోర్టు కాల్ కాల్‌కీ మారుతుంది. ఎస్‌డీపీ చదివి ఆ ఒక్క పోర్టే, ఆ కాల్ ఉన్నంతసేపే తెరవడం దాని పని. తీసేస్తే ఆస్టరిస్క్ నమూనా ఫైల్లో ఉన్నట్టు 10000 నుంచి 20000 దాకా యూడీపీ పోర్టులు ఎప్పుడూ తెరిచిపెట్టాలి. ఒక ఫోన్ హ్యాక్ అయితే సర్వర్ మీదికి అంత వాకిలి ఇచ్చినట్టే.

తీగలమారి: ఆ రేంజ్ తెరిచేది ఫోన్ల వీల్యాన్ నుంచి ఒక్క సర్వర్ ఐపీకే కదా! పైగా అక్కడ వినేది ఆర్‌టీపీ మాత్రమే, అదీ కాల్ నడుస్తున్నప్పుడే. రేపు సిగ్నలింగ్‌ని, అంటే సిప్ మెసేజ్‌లని, 5061 పోర్టు మీద టీఎల్‌ఎస్ ఎన్‌క్రిప్షన్‌కి మారిస్తే మీ ఫైర్‌వాల్‌కి ఎస్‌డీపీ చదవడం కుదరదు, ఏ పోర్టూ తెరవదు. నా దృష్టిలో ఫోన్ సిగ్నలింగ్‌ని ఎన్‌క్రిప్ట్ చేయడమే అసలు భద్రత. దానికి అడ్డొచ్చే పద్ధతిని పట్టుకుని వేలాడకూడదు.

గోడకాపరి: టీఎల్‌ఎస్ వచ్చాక తీసేయండి, ఒప్పుకుంటాను. ఈరోజు మాత్రం ముందు ఫైర్‌వాల్‌కి రెండువైపులా ప్యాకెట్ క్యాప్చర్ (దారిలో వెళ్లే డేటా నకలు) తీయండి. సర్వర్ వైపు 200 ఓకేలో ఉన్న అడ్రస్, ఫోన్ వైపుకి వచ్చేసరికి మారిందా? మారితే ఫైర్‌వాల్ తప్పే. మారకపోతే వెళ్లేదారి, వచ్చేదారి వేరయ్యాయేమో రూటింగ్ చూడండి. ఇన్‌స్పెక్షన్ తీసినా అది బాగుపడదు.

కృష్ణాతీరం: ఇద్దరికీ ధన్యవాదాలండీ. డైరెక్ట్ మీడియా ఆన్‌లో ఉంది, అది కూడా చూడాలా?

తీగలమారి: తప్పకుండా. అది ఆన్‌లో ఉంటే ఆడియో సర్వర్‌ని వదిలేసి ఫోన్ నుంచి ఫోన్‌కి వెళ్తుంది. వేరే అంతస్తు ఫోన్లు వేరే వీల్యాన్‌లో ఉంటే వాటి మధ్య రూల్ ఉండి ఉండదు. ముందు దాన్ని ఆపి, ఆ తర్వాత క్యాప్చర్ తీయండి.