వేసవిలో క్యాంపస్‌లో ఉండి చదివే ప్రోగ్రాములు: పదో గ్రేడ్ పిల్లకి ఏవి పనికొస్తాయి, ఏవి దండగ?

పదో_గ్రేడ్_పేరెంట్ అడిగారు:

అందరికీ నమస్కారం. అమ్మాయి న్యూజెర్సీలో పబ్లిక్ హైస్కూల్, పదో గ్రేడ్. లెక్కలంటే ఇష్టం, వ్యాసాలూ బాగానే రాస్తుంది. మెడిసిన్ ఆలోచన కూడా ఉంది. వచ్చే వేసవి ఏదైనా యూనివర్సిటీలో ఉండి చదివే ప్రోగ్రాముకి పంపుదామని చూస్తుంటే అంతా గందరగోళంగా ఉంది. "మీ అమ్మాయిని నామినేట్ చేశాం" అంటూ బంగారు అంచు కవర్లు వస్తున్నాయి. రెండు వారాలకి ఐదారు వేల డాలర్లట. ఇంకోపక్క ఆరు వారాలు ఉంచుకుని పైసా తీసుకోనివీ ఉన్నాయంటున్నారు.

మేం హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికి ఇచ్చే వీసా) మీద ఉన్నాం, గ్రీన్ కార్డు ఇంకా రాలేదు. అందువల్ల తలుపులు ఎక్కడెక్కడ మూసుకుంటాయి? కాలేజీ క్రెడిట్ ఇచ్చే కోర్సు తీసుకుంటే లాభమా? పెద్ద పేరున్న చోట రెండు వారాలుంటే రేపు అక్కడ అడ్మిషన్‌కి పనికొస్తుందా?

అప్లికేషన్ల_అక్క:

ముందు ఆ కవర్ల సంగతి. ఎస్ఏటీ పరీక్ష పెట్టే కాలేజ్ బోర్డు వాళ్ళ స్టూడెంట్ సెర్చ్ సర్వీసుకి ఒప్పుకుంటే పిల్లల వివరాలు బయటికి వెళ్తాయి. "నామినేషన్" అన్న మాటకి అక్కడ అంతకుమించి అర్థం వెతక్కండి. కొన్ని ప్రైవేటు కంపెనీలు వేసవిలో ఖాళీగా ఉండే డార్మ్‌లు అద్దెకు తీసుకుని, యూనివర్సిటీ ఫొటోలతో బ్రోషర్ వేస్తాయి. పాఠం చెప్పేది ఆ యూనివర్సిటీ వాళ్ళు కాదు. పట్టుకోవడం తేలికే: డబ్బు ఎవరి పేరున కట్టమంటున్నారు, ఆఖర్న ఇచ్చే కాగితం మీద ఎవరి పేరు ఉంటుంది, యూనివర్సిటీ సొంత వెబ్‌సైట్‌లో ఆ ప్రోగ్రాము పేజీ ఉందా. మూడూ ఒకే సంస్థ దగ్గరికి రాకపోతే వదిలేయండి.

యూనివర్సిటీ సొంతంగా నడిపే రెండు వారాల ప్రీ-కాలేజ్ ప్రోగ్రాము మోసమేమీ కాదు. డార్మ్ జీవితం, లెక్చర్ హాలు, కొత్త స్నేహాలు నిజంగానే దొరుకుతాయి. అడ్మిషన్‌లో మొగ్గు మాత్రం దొరకదు. చాలా చోట్ల ఎఫ్ఏక్యూలో వాళ్ళే ఆ మాట రాసి పెడతారు, చదివేవాళ్ళే తక్కువ. కామన్ యాప్‌లో (చాలా కాలేజీలకి కలిపి నింపే ఒకే అప్లికేషన్) కార్యకలాపాలకి 10 గడులు, ఒక్కో వివరణకి 150 అక్షరాలు. "ఫలానా చోట రెండు వారాలున్నాను" అని రాస్తే అందులో సగం కూడా నిండదు. అక్కడ ఏం చేసిందన్నది ఉంటేనే గడికి విలువ.

ఇక హెచ్-4. ఫెడరల్ డబ్బుతో నడిచేవి సాధారణంగా పౌరసత్వమో గ్రీన్ కార్డో అడుగుతాయి. అప్‌వర్డ్ బౌండ్ అందులో పాతది, 1964 నాటి ఎకనామిక్ ఆపర్చునిటీ చట్టం కింద పుట్టింది. పన్ను కట్టే ఆదాయం పేదరిక రేఖకి 150 శాతం దాటని ఇళ్ళ పిల్లలకీ, తల్లిదండ్రులకి బ్యాచిలర్స్ డిగ్రీ లేని పిల్లలకీ అది. తీసుకునేవాళ్ళలో మూడింట రెండొంతులకి ఈ రెండూ వర్తించాలి. వేసవిలో ఆరు వారాలు లెక్కలు, ల్యాబ్ సైన్సు, కాంపోజిషన్, సాహిత్యం, విదేశీ భాష చెప్తారు, నెలకి 60 డాలర్ల దాకా చేతి ఖర్చుకీ ఇవ్వొచ్చు. మీకు కుదరదు గానీ, గ్రీన్ కార్డుండి మోటెల్లోనో గ్యాస్ స్టేషన్లోనో పనిచేస్తున్న కుటుంబాలు మన వాళ్ళలో బోలెడు. వాళ్ళకి ఈ ముక్క ఎవరూ చెప్పరు. స్కూల్ కౌన్సెలర్‌ని "దగ్గర్లో ట్రియో ప్రాజెక్టు ఉందా" అని అడిగితే చాలు, అప్‌వర్డ్ బౌండ్ ఆ ట్రియో కుటుంబంలోదే.

ఎంఐటీ వాళ్ళ మైట్స్ సమ్మర్ ఆరు వారాలు, ఉచితం, కానీ పదకొండో గ్రేడ్ వాళ్ళకి, అదీ పౌరసత్వమో గ్రీన్ కార్డో ఉంటేనే. ఆర్ఎస్ఐ (ఎంఐటీలో జరిగే సైన్సు పరిశోధన ప్రోగ్రాము) కూడా పదకొండు అయ్యాకే. పదో గ్రేడ్‌లో మీ అమ్మాయికి తెరిచి ఉన్నవి: రాయడం, చర్చ ఇష్టమైతే టెల్యురైడ్ అసోసియేషన్ సమ్మర్ సెమినార్, అంటే టాస్. ఉచితం, వీసా అడ్డు కాదు. లెక్కలకైతే రాస్, ప్రామిస్. వీటికి ఫీజుంది, ఆదాయాన్ని బట్టి తగ్గిస్తారు. సాయం కావాలంటే 1040 పన్ను కాగితం సిద్ధంగా పెట్టుకోండి.

వచ్చే ఏడాది పదకొండులో ఉండగా న్యూజెర్సీ గవర్నర్స్ స్కూళ్ళు మర్చిపోకండి. సైన్సుది డ్రూ యూనివర్సిటీలో, ఇంజనీరింగుది రట్గర్స్‌లో. ట్యూషన్ ఉండదు, స్కూలు నామినేట్ చెయ్యాలి. ఈ నామినేషన్ మాత్రం అసలైనదే! కౌన్సెలర్ చెవిలో సెప్టెంబరులోనే వేసి ఉంచండి, జనవరిలో అడిగితే పేర్లు వెళ్ళిపోయి ఉంటాయి.

గట్టి ప్రోగ్రాముల గడువులు ఎక్కువగా డిసెంబరు నుంచి మార్చి మధ్యలో పడతాయి. టీచర్ల సిఫార్సు ఉత్తరాలు నవంబరులో అడగాలి. అక్టోబరు దాకా పన్నెండో గ్రేడ్ పిల్లల ఉత్తరాల్లో మునిగి ఉంటారు, డిసెంబరు సెలవుల ముందు అడిగితే రెండు లైన్లే వస్తాయి.

లెక్కల_పిచ్చి:

రాస్, ప్రామిస్ గురించి. వీటికి గ్రేడ్లకన్నా అప్లికేషన్‌తో వచ్చే ప్రాబ్లమ్ సెట్ ముఖ్యం. వారాలు పట్టేలా ఇస్తారు, అన్నీ చెయ్యాలని లేదు. పిల్లలు పొరపాటు పడేది ఎక్కడంటే జవాబు రాసి ఆగిపోతారు.

ఉదాహరణకి ఇది పాత, అందరికీ తెలిసిన లెక్క: 1 నుంచి 100 వరకు ఉన్న సంఖ్యల్లో ఏ 51 తీసుకున్నా, వాటిలో ఒకటి ఇంకొకదాన్ని శేషం లేకుండా భాగిస్తుందని చూపాలి. నాలుగు ఉదాహరణలు వేసి "ఎప్పుడూ ఇలాగే వస్తోంది" అంటే సున్నా కింద లెక్క. ప్రతి సంఖ్యనీ ఒక బేసి సంఖ్య, కొన్ని రెళ్ళు అని విడగొట్టాలి: 48 అంటే 3 ఇంటూ 16, 12 అంటే 3 ఇంటూ 4. 100 లోపు బేసి సంఖ్యలు 50 మాత్రమే. 51 తీసుకున్నాం కాబట్టి రెండింటికి ఒకే బేసి భాగం రాక తప్పదు. ఆ రెంటిలో తేడా రెళ్ళ లెక్కలోనే, కనుక చిన్నది పెద్దదాన్ని భాగిస్తుంది. వాళ్ళు చూసేది ఈ "రాక తప్పదు" అన్న మెట్టు పిల్ల తనంతట తను ఎక్కిందా అని. అంతటితో ఆగకుండా "50 తీసుకుంటే ఏమవుతుంది" అని అడిగి, 51 నుంచి 100 వరకు తీసుకుంటే ఏదీ దేన్నీ భాగించదని చూపిన కాగితం వేరే ఎత్తు.

సగంలో ఆగిన లెక్క కూడా పంపమనండి, ఎక్కడ ఇరుక్కుందో నిజాయితీగా రాసి. ట్యూటర్ చేసిచ్చిన పరిష్కారం పంపితే నిబంధనకే విరుద్ధం. ఒకవేళ సీటొచ్చినా అక్కడ రోజూ ఇదే పని, ఆరు వారాలు. మొదటి వారంలోనే బయటపడుతుంది.

సైన్సు వైపు సమ్మర్ సైన్స్ ప్రోగ్రాం అని 1959 నుంచి నడుస్తోంది. ఆస్ట్రోఫిజిక్స్ జట్టు ఒక గ్రహశకలాన్ని రాత్రిళ్ళు టెలిస్కోపుతో ఫొటోలు తీసి, వాటి నుంచి దాని కక్ష్యని సొంతంగా రాసిన కోడ్‌తో లెక్కగడుతుంది. అది కూడా ప్రధానంగా పదకొండు అయ్యాకే.

రిజిస్ట్రార్_గది:

క్రెడిట్ కోర్సు మీద ఎవరూ రాయలేదు. జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే.

3 క్రెడిట్ల కోర్సంటే సుమారు 45 గంటల క్లాసు, దానికి రెట్టింపు బయటి చదువు. మొత్తం 135 గంటలు. మామూలు సెమిస్టర్‌లో 15 వారాల మీద పరుచుకుంటే వారానికి 9. అదే మూడు వారాల సెషన్‌లో వారానికి 45. రోజుకి మూడు గంటల క్లాసు, ఆరు గంటల చదువు. ఒక్క రోజు జ్వరం వచ్చి పడుకుంటే సెమిస్టర్‌లో ఒక వారం పోయినట్టే. ఆరు వారాల సెషన్‌లో ఒక్క కోర్సు తీసుకుంటే ఊపిరాడుతుంది. రెండు తీసుకుంటే మళ్ళీ అదే 45.

ఆ గ్రేడు కాలేజీ ట్రాన్‌స్క్రిప్ట్‌లో పడుతుంది, చెరగదు. డ్రాప్ గడువు చిన్న సెషన్లలో రోజుల్లో ముగుస్తుంది, ఆ తర్వాత మానేస్తే డబ్ల్యూ, అంటే మధ్యలో మానేసినట్టు గుర్తు, పడుతుంది. రేపు కాలేజీ అప్లికేషన్‌లో అది చూపించాల్సిందే. మెడిసిన్ అన్నారు కాబట్టి ఇది రాసి పెట్టుకోండి: మెడికల్ స్కూళ్ళ అప్లికేషన్ ఏఎంకాస్, హైస్కూల్లో ఉండగా తీసుకున్న కాలేజీ కోర్సుల గ్రేడ్లని కూడా జీపీఏలో కలుపుతుంది. పదహారేళ్ళప్పటి కెమిస్ట్రీ సి ఇరవై రెండేళ్ళకి మళ్ళీ ఎదురొస్తుంది. తీసుకోవాలనిపిస్తే స్కూల్లో దొరకని సబ్జెక్టు తీసుకోమనండి, లింగ్విస్టిక్స్ లాంటిది. సైన్సు పునాది కోర్సు వద్దు.

క్రెడిట్ మీద ఆశ కూడా ఎక్కువ పెట్టుకోకండి. హైస్కూల్ గ్రాడ్యుయేషన్‌కి లెక్కేసుకున్న కోర్సుకి చాలా ప్రైవేటు కాలేజీలు మళ్ళీ క్రెడిట్ ఇవ్వవు.

ఇంకో విషయం తల్లిదండ్రులకి మింగుడుపడదు. క్రెడిట్ కోర్సులో చేరితే ఆ కాలేజీ రికార్డు మీద ఫెర్పా (విద్యార్థుల రికార్డుల గోప్యత చట్టం) హక్కు విద్యార్థిదే, వయసు పదహారైనా సరే. మీరు ఫోన్ చేసి మార్కులు అడిగితే చెప్పాలన్న రూలేమీ లేదు. మొదటి రోజే అమ్మాయి చేత అనుమతి ఫారం పెట్టించండి. హెచ్-4 మీద చదువుకోవడానికి, క్రెడిట్ తీసుకోవడానికి ఇబ్బంది లేదు, వీసా మార్చక్కర్లేదు. జీతమిచ్చే పని మాత్రం కుదరదు, కాబట్టి స్టైపెండ్ ఉన్న ల్యాబ్ ప్రోగ్రాముల్ని ముందే అడగండి.

డార్మ్_పెద్దమ్మ:

సీటొచ్చాక జరిగే తప్పులు నేను చెప్తాను.

మొదటిది క్యాలెండర్. న్యూజెర్సీ స్కూళ్ళు జూన్ మూడో, నాలుగో వారం దాకా లాగుతాయి. ఆరు వారాల ప్రోగ్రాములు కొన్ని అంతకుముందే మొదలవుతాయి. ముందు ప్రోగ్రాము వాళ్ళని ఆలస్యంగా రానిస్తారా అని అడగండి (ఎక్కువగా రానివ్వరు), తర్వాత ప్రిన్సిపల్‌కి ఏప్రిల్‌లోనే రాసి ఫైనల్స్ ముందుగా పెట్టించుకోండి. మధ్యలో పెళ్ళికో ఇండియా ప్రయాణానికో వారం సెలవు కావాలంటే సీటు వదులుకోవాల్సిందే.

ఆరోగ్యం ఫారం రెండోది. మెనింజైటిస్ టీకా, అంటే మెన్-ఏసీడబ్ల్యూవై, బూస్టర్ 16 ఏళ్ళకి వేస్తారు. వసంతంలో 16 నిండే పిల్లకి అది మిగిలిపోయి ఉంటుంది, డాక్టరు అపాయింట్‌మెంట్ మేలోనే పట్టుకోండి. మందులు ఫార్మసీ లేబుల్ ఉన్న అసలు డబ్బాలో ఉండాలి. ఇండియా నుంచి తెచ్చిన స్ట్రిప్పులు, వారం రోజుల పిల్ బాక్సు చూపిస్తే నర్సు తీసుకోదు. మీ ఇన్సూరెన్స్ హెచ్ఎంఓ (తన జాబితాలోని డాక్టర్ల దగ్గరికే వెళ్ళాల్సిన ప్లాను) అయితే వేరే రాష్ట్రంలో సాధారణంగా ఎమర్జెన్సీకే పనికొస్తుంది. గొంతు నొప్పికి ఎక్కడికి తీసుకెళ్తారో అడిగి ఉంచండి.

పక్క దుప్పట్లు: డార్మ్ మంచం ట్విన్ ఎక్స్‌ఎల్, పొడవు 80 అంగుళాలు. ఇంట్లో ట్విన్ 75. ఆ ఐదు అంగుళాల వల్ల ఫిటెడ్ షీట్ రాత్రికి రెండుసార్లు మూల ఊడి చుట్టుకుపోతుంది. ఏసీ ఉందో లేదో అడగండి, పాత భవనాల్లో ఉండదు, చిన్న ఫ్యాన్ పంపాలి. సర్జ్ ప్రొటెక్టర్ సరే, మామూలు ఎక్స్‌టెన్షన్ వైరు తీసేసుకుంటారు. రైస్ కుక్కర్, అగరొత్తులు పెట్టెలో పెట్టకండి. పొగ అలారం మోగితే భవనమంతా బయట నిలబడుతుంది.

పదో_గ్రేడ్_పేరెంట్:

చాలా థాంక్స్ అండీ. టాస్, ప్రామిస్ రెండిటికీ వేయిస్తాం. క్రెడిట్ కోర్సు మానుకుంటున్నాం. ఒక్క అనుమానం: హైదరాబాదులో మా అన్నయ్య కొడుకు పదకొండు, వాడు వచ్చి చేరాలంటే టూరిస్టు వీసా సరిపోతుందా?

రిజిస్ట్రార్_గది:

వారానికి 18 గంటలు, ఆపైన చదువైతే స్టూడెంట్ వీసా కావాలి. సరదాగా నేర్చుకునే, క్రెడిట్ లేని చిన్న కోర్సుకే బీ-2, అంటే టూరిస్టు వీసా, సరిపోతుంది. ఎఫ్-1, అంటే స్టూడెంట్ వీసా, అయితే ప్రోగ్రాము వాళ్ళు ఐ-20 (వీసాకి చూపించే చేరిక పత్రం) ఇవ్వాలి, ఆ తర్వాత సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, ఆపైన వీసా ఫీజు వేరు. అసలు వాళ్ళు ఐ-20 ఇస్తారా లేదా అన్నది అప్లికేషన్ ఫీజు కట్టకముందే ఈమెయిల్‌లో రాయించుకోండి. ఫోన్లో "చూద్దాం" అంటే లేదనే లెక్క.