చదవకుండానే నిధి దొరికిపోతోంది!

ప్రశ్న: కొత్త టీచరు
మా తరగతిలో ఐదారేళ్ల పిల్లలు ఇరవై ఇద్దరు. గుణింతాన్ని పాటలా అప్పజెబుతారు. "కిటికీ" అని బోర్డు మీద రాస్తే మాత్రం నా ముఖం చూస్తారు. అందుకని సముద్రపు దొంగల ఆట మొదలుపెట్టాను. అట్టముక్కలతో ఓడ, నల్లజెండా, ఒక కంటికి నల్లగుడ్డ, అన్నీ సిద్ధం చేశాను. పిల్లలకు భలే సరదా. నిధి పెట్టెను మూడు నిమిషాల్లో పట్టేశారు. రెండు వారాలైనా కొత్తగా చదవగలిగిన మాట ఒక్కటీ లేదు. ఎక్కడ పొరపాటు చేశాను?

జవాబు: పాత పలక
చదవకుండానే నిధి దొరికితే ఎవరు చదువుతారండీ? నేనైనా చదవను. మొదటి ఏడాది నేనూ కత్తులకు వెండికాగితం అంటిస్తూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను.

నాకు దారి చూపింది నా తప్పే. చీటీలో "బల్ల కింద చూడు" అని రాయబోయి, తొందరలో "బల్లి కింద చూడు" అని రాశాను. పిల్లలంతా బిలబిలమంటూ బల్ల కింద దూరారు. ఒక్క పాప మాత్రం కదలలేదు. చీటీ మీద వేలు పెట్టి "బ... ల్లి" అని కూడబలుక్కుని, తలెత్తి గోడలు వెతకడం మొదలుపెట్టింది. పెట్టె దొరికింది మిగిలినవాళ్లకే. కానీ వాళ్లు ఊహించారు, చదివింది ఆ పాప.

అప్పటినుంచి ఆ తప్పు కావాలనే చేస్తున్నాను. గోడకు బల్లి బొమ్మ అంటించి, దాని కింద ఒక పెట్టె, బల్ల కింద మరొక పెట్టె పెడతాను. ఒకదానిలో నిధి, రెండోదానిలో గులకరాళ్లు. గుడి చూడనివాళ్లకు రాళ్లే! మరుసటి రోజు మెడ, మేడ. దీర్ఘం గమనించకపోతే మేడ ఎక్కాల్సిన జట్టు బొమ్మ మెడలో వెతుకుతూ కూర్చుంటుంది. ఒక్క గుర్తుతో చోటే మారిపోతుందని వంద సార్లు చెప్పినా ఎక్కనిది, రాళ్ల పెట్టె తెరిచిన క్షణంలో ఎక్కుతుంది.

మాటల ఎంపికలో తొందర వద్దు. ఓడ, పటం, దీవి, లంగరు ముందు. పెట్టె, కత్తి ఒత్తులు వచ్చాకే. దిక్సూచిని బొమ్మగానే ఉంచండి, ఆ క్స పెద్దవాళ్లనే తికమక పెడుతుంది.

కొత్త టీచరు
బాగుందండీ, రేపే బల్లి బొమ్మ వేస్తాను. కానీ గడగడా చదివేవాడు ఒకడున్నాడు. వాడు చదివేస్తాడు, మిగిలినవాళ్లు వాడి వెనక పరుగెత్తుతారు.

పాత పలక
చీటీని నాలుగు ముక్కలు చేసి నలుగురికీ పంచండి. ఎవరి ముక్క వాళ్లే చదవాలి. తేలికైన ముక్క ఎవరికి వెళ్లాలో మీరే చూసుకోండి, పిల్లలకు తెలియనక్కరలేదు.

జవాబు: ఇద్దరు పిల్లల అమ్మ
అడ్డుపడుతున్నందుకు ఏమీ అనుకోకండి. దొంగలను గొప్పవాళ్లను చేసి చూపించడం అవసరమా? మా చిన్నవాడు ఇంట్లో అన్నీ "దోచుకుంటున్నాడు".

పాత పలక
మీ మాట నిజమే అమ్మా. నేను దోపిడీ జోలికి పోను, వాళ్ల ఓడ నియమాలను మాత్రం తీసుకుంటాను. 1722లో చనిపోయిన సముద్రపు దొంగ బార్తొలొమ్యూ రాబర్ట్స్ ఓడలో రాత్రి 8 గంటలకు దీపాలు ఆర్పాలని, ప్రతివాడికీ ఓటు ఉంటుందని నియమాలు ఉండేవి. అలాంటి ఓడల్లో చేరేవాళ్లు నియమాల కింద సంతకం చేయాలి. రాయడం రానివాళ్లు ఏదో ఒక గుర్తు పెట్టేవారు.

మా పిల్లలూ నియమాలు రాశారు. "చిలుకను అరవనివరాదు" అన్నది ఒకటి, వ ఒత్తు సముద్రంలో పడిపోయింది. సంతకం లేనిదే ఓడ ఎక్కనివ్వను. పెన్సిల్ పట్టనని మొండికేసే పిల్లవాడు ఒకడు పేరులో రెండు అక్షరాలు రాసి, మూడోది రాక, దాని చోట లంగరు బొమ్మ వేశాడు. ఎక్కించుకున్నాను.