మాట తెలుసు, నోటికి రాదు: మెదడులో ఏం జరుగుతోంది?

గోదారిగట్టు: మా నాన్నగారికి పోయినేడు పక్షవాతం వచ్చింది. నడక కుదుటపడింది కానీ మాట దగ్గర ఆగిపోతున్నారు. దువ్వెన చూపిస్తే తల దువ్వుకుంటున్నట్టు చేత్తో చూపిస్తారు, పేరు మాత్రం రాదు. "దు" అని అందిస్తే ఒక్కోసారి వెంటనే అనేస్తారు! అలా ఎలా? మనం మాట్లాడే ముందు మెదడు అసలు ఏం చేస్తుంది?

పలుకుబడి: మాట మెదడులో ఒక్క ముక్కగా ఉండదండీ. ముందు భావం, తర్వాత దానికి సరిపడే పదం, ఆ తర్వాత పదంలోని శబ్దాలు, చివరగా నాలుక, పెదవుల కదలికలు. నెదర్లాండ్స్‌లో విలెం లెవెల్ట్ బృందం దీనిమీద ఏళ్ళ తరబడి పనిచేసింది. బొమ్మ చూసి పేరు చెప్పడానికి ఇంచుమించు 600 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, పదం ఎంపిక దాదాపు 250లోపే అయిపోతుందని, మిగతాదంతా శబ్దాలు కూర్చుకుని పలకడానికి సిద్ధం కావడానికేనని వాళ్ళ అంచనా. మీ నాన్నగారికి వస్తువు తెలుస్తోంది, బహుశా శబ్దాలు అందే చోటే ఇబ్బంది. అందుకే మొదటి అక్షరం పనిచేస్తోంది.

మెట్లబావి: మనందరిలోనూ ఇది బయటపడుతుంది. "పప్పు కూర" అనబోయి "కప్పు పూర" అన్నామంటే, మొదటి మాట నోట్లోంచి రాకముందే రెండో మాట శబ్దాలు సిద్ధంగా ఉన్నట్టేగా.

సాగరిక_థెరపీ: నేను స్పీచ్ థెరపిస్టుని. మామూలు మాటల్లో ఒకరు ఆపడానికీ ఇంకొకరు మొదలుపెట్టడానికీ మధ్య ఖాళీ సగటున 200 మిల్లీసెకన్ల దగ్గర ఉంటుందని 2009లో పది భాషల్లో కొలిచారు, అంటే ఎదుటివాళ్ళు ముగించకముందే మనం జవాబు తయారుచేసుకుంటున్నాం. ఆయనకి అంత వేగం కుదరదు. ఇంట్లో నలుగురూ ఒకేసారి మాట్లాడితే ఆయన వంతు రానే రాదు. టీవీ కట్టేయండి, ఒక్కరే మాట్లాడండి, అక్షరం అందించే ముందు కాసేపు ఆగండి. మీరే మాట పూర్తిచేసేయకండి, దయచేసి.

గోదారిగట్టు: చాలా థాంక్సండీ. ఒకటి నుంచి పది వరకు, పొద్దున చదివే శ్లోకాలు గడగడా చెప్తారు, అది బాగవుతున్నట్టేనా?

సాగరిక_థెరపీ: కంఠస్థమైనవాటికి ఒక్కో పదాన్నీ కొత్తగా ఎంచుకోనక్కర్లేదు, అందుకే చాలామందికి అవి మిగులుతాయి. దాన్నిబట్టి బాగవుతోందని చెప్పలేం. కానీ చెప్పించండి, ఆయనకి ధైర్యంగా ఉంటుంది. ఇంకా థెరపీ మొదలుపెట్టకపోతే దగ్గర్లో ఎవరికైనా చూపించండి, ఏడాది దాటినా మెరుగుపడేవాళ్ళున్నారు.