ఎండాకాలంలో కూడా సైకిలేనా? నల్లగొండ నుంచి ఒక ప్రశ్న

లెక్కల మాస్టారు, నల్లగొండ

రామగిరిలో ఇల్లు, పానగల్లు దాటాక ఒక ఊళ్లో బడి. పోను 7 కిలోమీటర్లు, రాను 7. నిరుడు బడి తెరిచిన రోజు నుంచి సైకిల్ మీదే వెళ్తున్నాను. వానాకాలం గడిచింది, చలికాలం హాయిగా గడిచింది. మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక నా వ్రతానికి గండి పడింది. పిల్లలకు ఎండ తగలకూడదని పెట్టిన ఒంటిపూట నాకు అడ్డం తిరిగింది. పొద్దున ఏడున్నరకు చల్లగానే వెళ్తాను. పన్నెండున్నరకు బడి వదిలితే సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. రెండు పూటలూ బడి ఉన్న రోజుల్లో సాయంత్రం ఉదయసముద్రం చెరువు మీది గాలి పీల్చుకుంటూ వచ్చేవాణ్ణి.

గత వారం దారిలో రెండుసార్లు సైకిల్ దిగి వేపచెట్టు కింద కూర్చున్నాను. రెండోసారి ఒళ్లంతా చెమట, చేతుల మీద మాత్రం చలి వేసినట్టు వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. భయం వేసింది.

మా బడిలో ఒకాయన ఫిన్లాండ్‌లోని ఔలు నగరం వీడియో చూపించి, "మైనస్ 20లో ముసలమ్మలు తొక్కుతున్నారు, మీరు 42కే దిగిపోయారా మాస్టారూ" అని నలుగురిలో ఎగతాళి చేశారు. చలిలో తొక్కడం, ఎండలో తొక్కడం ఒకటేనా? రెండు నెలలు మానేస్తే ఓడిపోయినట్టా?

పాలమూరు పెడలు, మహబూబ్‌నగర్

ఓడిపోయినట్టే, ఏమీ అనుకోకండి మాస్టారూ. నేను మెట్టుగడ్డ నుంచి జడ్చర్లకు నాలుగేళ్లుగా వెళ్తున్నాను, ఒక్కో వైపు సుమారు 15 కిలోమీటర్లు. రెండింటికి షిఫ్టు దిగుతాను, అంటే నా తిరుగు ప్రయాణం మీకంటే ఘోరం. తలకు తడి తువ్వాలు, రెండు సీసాలు, ఒక దానిలో ఉప్పు వేసిన మజ్జిగ. సీటు మీద తడిపిన గోనె ముక్క. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, నా తల ఇంతవరకు పగలలేదు. జూన్ నుంచి ఫిబ్రవరి వరకు ఎవరైనా తొక్కుతారు. డిసెంబరులో మన దగ్గర 14 డిగ్రీలకే కోతిటోపీలు పెట్టుకునేవాళ్లం, అది చలి కూడా కాదు.

ఔలులో పాలమూరోడు

మాస్టారూ, నమస్కారం. మాది భూత్పూర్ దగ్గర పల్లె, ఆరేళ్లుగా ఔలులో ఉంటున్నాను. ముసలమ్మలు తొక్కేది నిజమే. ఆ వీడియోలో కనిపించనిది నేను చెబుతాను.

ఆర్కిటిక్ వలయానికి సుమారు 170 కిలోమీటర్ల దిగువన ఉన్న ఊరు ఇది. డిసెంబరు చివర పగలు మూడున్నర గంటలే. ఇక్కడి రహస్యం గుండెధైర్యం కాదు, తెల్లవారుజామున తిరిగే మంచు తోసే బండి. ఏడు దాటాక నేను గడప దిగేసరికి దారి చదునై ఉంటుంది. ఉప్పు చల్లరు, అంత చలిలో ఉప్పుకు మంచు లొంగదు. నలిగి గట్టిపడిన పొరను అలాగే ఉంచి పైన సన్న కంకర చల్లుతారు. దాని మీద టైరు మన మొరం బాట మీద పోయినట్టే కరకరలాడుతూ పోతుంది. మైనస్ 15లో నేను ఎన్నడూ పడలేదు. పడిందల్లా సున్నా దగ్గరే, పగలు కాస్త కరిగి రాత్రి గడ్డకట్టిన మర్నాడు. అద్దానికి నూనె రాసినట్టు ఉంటుంది. ఇనుప ములుకులున్న టైరు అలాంటి రోజుల కోసమే.

ఇక్కడి పాతకాపులు నాకు నేర్పిన మొదటి పాఠం, గుమ్మం దగ్గర కాస్త వణకాలి. బయల్దేరేటప్పుడే వెచ్చగా ఉందంటే బట్టలు ఎక్కువైనట్టు. మూడో కిలోమీటరులో చెమట పడుతుంది, ఆగగానే ఆ చెమటే ఎముకల్లోకి దిగుతుంది. పెడలు తొక్కేటప్పుడు కండరాలు ఖర్చు చేసే శక్తిలో పెడలుకు చేరేది 20-25 శాతమే, మిగిలినదంతా వేడి. నాకు అది ఉచితంగా దొరికిన కుంపటి. నల్లగొండలో మీరు అదే కుంపటిని ఒళ్లో పెట్టుకుని ఎండలో తిరుగుతున్నారు. గాలి వేడి మన చర్మం వేడిని, అంటే సుమారు 35 డిగ్రీలను, దాటితే ఎదురుగాలి కూడా ఒంటిని కాలుస్తుంది. ఇక చెమట ఆరడం ఒక్కటే దారి. చలికి ఇంకో చొక్కా తొడుక్కోవచ్చు, ఎండకు విప్పడానికి ఏమీ మిగలదు. మైనస్ 20నీ 42నీ ఒకే తక్కెడలో వేసినాయనను ఒక్క మధ్యాహ్నం మీ వెంట రమ్మనండి.

పోల్చవలసింది వేరే ఉంది. ఇక్కడ 900 కిలోమీటర్లకు పైగా సైకిల్ దారులున్నాయి, మంచు పడితే వాటిని శుభ్రం చేయించడం నగరం పని. మన దగ్గర దానికి సాటి వచ్చేది నీడ. నేను చదువుకునే రోజుల్లో పిల్లలమర్రి వైపు వెళ్తూ ఈ చెట్టు దాటితే ఆ చెట్టు అని లెక్కపెట్టుకునేవాళ్లం. మొన్న సెలవుకు వచ్చి చూస్తే మా ఊరి దారిలో రోడ్డు వెడల్పయింది, చింతచెట్లు పోయాయి, నడుమ డివైడరులో పూలమొక్కలు వచ్చాయి. వాటి నీడ ఎవరి మీద పడుతుంది?

పాలమూరు పెడలు

తమ్ముడూ, చెట్లు పెరిగే దాకా ఆగమంటే నేను రిటైరవుతాను.

వార్డు డ్యూటీ

ఆసుపత్రిలో నర్సును. మాస్టారూ, ఆ వెంట్రుకలు నిక్కబొడుచుకోవడాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఒళ్లు ఇక ఆపమంటోంది. దాని తరువాత తల తిరగడం, వాంతి, మాట తడబడటం. అప్పటికి నీళ్లు తాగాలన్న తెలివి కూడా ఉండదు. 2015 మే వడగాలులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి 2,000 మందికి పైగా చనిపోయారు. పెడలు అన్నగారి మజ్జిగ మంచిదే, తడి తువ్వాలూ మంచిదే. జేబులో ఉల్లిగడ్డ వేసుకుంటే చాలని మాత్రం ఇక్కడ ఎవరూ రాయకండి, అలా వచ్చినవాళ్లను చూశాను. ఇంకొకటి, నాలుగేళ్లు ఏమీ కాలేదంటే ఐదో ఏడు కాదని కాదు.

పంక్చరు కొట్టు

దేవరకొండ రోడ్డులో మా నాన్నది సైకిల్ రిపేరు కొట్టు. ఎండాకాలం మాకు పంక్చర్లు ఎక్కువ. పల్లేరుకాయలు ఎండి గట్టిపడతాయి, బండి పక్కకు దిగిందంటే టైరులో దిగుతాయి. నీళ్ల తొట్టిలో ట్యూబు ముంచితే ఒకేసారి నాలుగు చోట్ల బుడగలు. నాన్న వేసిన పాత అతుకులు కూడా తారు వేడికి ఊడి వస్తాయి, తిట్లు మాత్రం ఆయనకు.

మీ వాదన అంతా చదివాను. మా కొట్టుకు ఏప్రిల్‌లో రోజూ వచ్చేది ఎవరో చెప్పనా? సేమ్యా ఐస్ అమ్మే తాత. వెనక డబ్బా కట్టుకుని మిట్టమధ్యాహ్నం బయల్దేరతాడు. ఎండ ఎంత మండితే ఆయనకు అంత బేరం. ఆయన మానేయాలా వద్దా అని ఎవరూ చర్చ పెట్టలేదు. జీతం ఉన్నవాళ్లకే ఈ గెలుపు ఓటములు.

పాలమూరు పెడలు

ఇది నాకు తగిలింది. నిజమే, నేను సరదాకు తొక్కుతున్నాను, బస్సు పాసు కూడా జేబులోనే ఉంది.

లెక్కల మాస్టారు

నర్సమ్మగారి మాట విన్నాను. ఒక నిర్ణయానికి వచ్చాను. ఒంటిపూట బడులు ఉన్నన్నాళ్లూ పొద్దున సైకిల్ మీద వెళ్తాను, మధ్యాహ్నం ఆటోలో ఇంటికి వస్తాను. సగం వ్రతం నిలుస్తుంది.

పంక్చరు కొట్టు

సార్, సైకిల్ బడిలో ఉంటే మర్నాడు పొద్దున దేని మీద వెళ్తారు?

లెక్కల మాస్టారు

లెక్కల మాస్టారునే పట్టుకున్నావు బాబూ. పానగల్లు ఆటో అతన్ని అడిగాను. పైన తాడుతో కడతానన్నాడు, సైకిల్‌కు కూడా ఒక మనిషి చార్జీ అన్నాడు. ఇంకా బేరం నడుస్తోంది.